ఇంజిన్ ఆఖర్న: పవర్ స్టీరింగ్‌లో ఆయిల్ నింపి గాలి తీసే పని

(బండి మరమ్మతు నేర్చుకుంటున్నవారికీ, సొంత కారు తామే చూసుకునేవారికీ ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం. మాటల్లో వచ్చిన పునరుక్తులు కొన్ని తగ్గించాం.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా? వెనక వరుసకి? సరే.

ముందు ఒక చప్పుడుతో మొదలుపెడతాను. (నోటితో మూలుగు లాంటి శబ్దం చేశారు. నవ్వులు.) నవ్వకండి, ఇది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా బానెట్ కింద నుంచి ఈ మూలుగు విన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ మూలుగు వినగానే స్టీరింగ్‌కి ఆయిల్ తోసే పంపు పోయిందనుకుని ఆ పంపు మార్చేసినవాళ్ళు? ఒకరు, ఇద్దరు... అక్కడ ఒకాయన సగం ఎత్తి దించేశారు. సిగ్గుపడకండి, నేనూ మార్చాను. కొత్త పంపు బిగించాక కూడా అదే మూలుగు, అదే శ్రుతి. ఆ పంపులోకి వెళ్తున్న ఆయిల్ నిండా గాలి ఉందని అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఈరోజు చెప్పబోయేది ఒకే ఒక్క పని. పంపు మార్చినా, హోస్ మార్చినా, స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాల్ని అటూ ఇటూ తోసే ర్యాక్ విప్పి మళ్ళీ బిగించినా, పాత ఆయిల్ తీసి కొత్తది పోసినా చివర్లో చేయక తప్పని పని. ఆయిల్ నింపడం, లోపల చేరిన గాలిని బయటికి పంపడం. గ్యారేజీలో ఎయిర్ తీయడం అంటాం, పుస్తకాల్లో బ్లీడింగ్ అని రాస్తారు. మొత్తం గంట పని అనుకోండి. అందులో చేతికి పని ఇరవై నిమిషాలు, మిగతాదంతా ఊరికే నిలబడడం. ఆ ఊరికే నిలబడడమే ఎవరికీ చేతకాదు. (నవ్వులు.)

బ్రేకులకు ఎయిర్ తీసి చేయి తిరిగినవాళ్ళు ఇక్కడ తడబడతారు. బ్రేకు లైను మూసుకుపోయిన సందు లాంటిది. బ్రేకు పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ దగ్గర మొదలై చక్రం దగ్గర ఆగిపోతుంది. అక్కడ చిక్కిన గాలికి వెనక్కి వచ్చే దారి లేదు కాబట్టి నిప్పిల్ పెట్టారు, విప్పి వదలడానికి. స్టీరింగ్‌లో చాలా కార్లకు ఆ నిప్పిలే ఉండదు. దానికోసం బండి కింద దూరి టార్చి వేసి వెతికి, కనపడక, చివరికి ప్రెషర్ హోస్ నట్టే వదులు చేసి గాలి వదలబోయిన కుర్రాణ్ణి నేను ఆపాల్సి వచ్చింది. స్టీరింగ్ ఆయిల్‌ది గుండ్రటి దారి. బానెట్ కింద ఆయిల్ పోసే డబ్బాలోంచి పంపుకి, పంపు నుంచి ప్రెషర్ హోస్‌లో వాల్వుకి, వాల్వు పంపిన వైపు ర్యాక్ సిలిండర్‌లోకి, రెండో వైపు నుంచి రిటర్న్ పైపులో మళ్ళీ డబ్బాకి. గాలి ఒక్కసారి డబ్బా దాకా వచ్చిందంటే దానంతట అదే పైకి తేలి పోతుంది. మన వంతు రెండే: దాన్ని డబ్బా దాకా నడిపించడం, అక్కడ దాన్ని తేలనివ్వడం. మొదటిది అందరూ చేస్తారు.

ఈ గుండ్రటి దారి వెనక ఒక కథ ఉంది, రెండు నిమిషాలు పక్కకి వెళ్తాను. ఫ్రాన్సిస్ డేవిస్ అని అమెరికాలో ఒక ఇంజినీరు. పియర్స్ యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసి, ఆ బరువైన స్టీరింగులతో డ్రైవర్లు పడే అవస్థ దగ్గర నుంచి చూసినవాడు. ఆయిల్‌ని ఎప్పుడూ ఒత్తిడిలో బిగించి ఉంచితే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు తట్టుకోలేక కారిపోతాయి. అందుకని వాల్వుని మామూలప్పుడు తెరిచే ఉంచాడు. బండి నేరుగా పోతున్నంతసేపు ఆయిల్ ఊరికే తిరుగుతూ ఉంటుంది, స్టీరింగ్ చక్రం తిప్పినప్పుడు మాత్రమే వాల్వు దారి ఇరుకు చేస్తుంది, ఒత్తిడి పుడుతుంది. 1926లో కారుకి బిగించి చూపించాడు. అమ్మకానికి వచ్చిన మొదటి పవర్ స్టీరింగ్ కారు మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్. పాతికేళ్ళు! మనం వాడే హైడ్రాలిక్ స్టీరింగుల్లో ఇప్పటికీ ఆ తెరిచి ఉంచిన వాల్వు సూత్రమే. ఎందుకు చెప్తున్నానంటే, ఆయిల్ ఆగకుండా తిరిగే ఈ ఏర్పాటు మన పనికి వరమూ అదే, శాపమూ అదే.

గాలి వల్ల నష్టం ఏమిటో చూద్దాం. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ప్రెషర్ హోస్‌లో 80 నుంచి 100 బార్, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువే వస్తుంది. కారు టైర్లో ఉండేది రెండుంబావు బార్. అంటే టైరుకి నలభై రెట్లు. అంత ఒత్తిడిలో కూడా ఆయిల్ నూటికి ఒక వంతు తగ్గదు. గాలి అలా కాదు. గోళీకాయంత బుడగ 100 బార్ దగ్గర నూరో వంతుకి కుంచించుకుపోతుంది, ఒత్తిడి తగ్గగానే మళ్ళీ ఉబ్బుతుంది. పంపులో రెక్కలు తిరుగుతూ ఒక వైపు ఆయిల్‌ని పీల్చి రెండో వైపు నొక్కుతాయి. ఆయిల్‌తో పాటు బుడగ వచ్చిందా, నొక్కుడు వైపుకి చేరీచేరగానే ఫట్‌మని నలుగుతుంది. సెకనుకు వందకు పైగా ఈ ఫట్లు పడితే మన చెవికి వచ్చేది ఇందాక నేను చేసిన చప్పుడు. చప్పుడు ఒక్కటే అయితే పాట పెట్టుకుని తిరగొచ్చు. ఆ రెక్కలకి గ్రీజు పెట్టే చోటు లేదు, వాటిని తడిపేది ఆ ఆయిలే. గాలి నిండిన ఆయిల్‌తో నడిస్తే లోహం మీద లోహం గీసుకుంటుంది. గీసుకున్న పొడి వాల్వులోకి, ర్యాక్ సీళ్ళ మీదికి పోతుంది. గాలి కాస్తా పంపు తింటుంది, పంపు ర్యాక్‌ని తింటుంది.

ఇప్పుడు చెప్పేది రాసుకోండి, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు. ఆయిల్‌లో బుడగ ఎంత వేగంగా పైకి తేలుతుందనేది దాని సైజుని బట్టి ఉంటుంది. ఊరికే సైజుని బట్టి కూడా కాదు, సైజు వర్గాన్ని బట్టి. అడ్డకొలత పదో వంతైతే వేగం నూరో వంతు అవుతుంది. చల్లటి స్టీరింగ్ ఆయిల్‌లో ఒక మిల్లీమీటరు బుడగ సెకనుకి ఇంచుమించు ఒక సెంటీమీటరు ఎక్కుతుంది. డబ్బాలో 10 సెంటీమీటర్ల ఆయిల్ ఉంటే అడుగు నుంచి పైకి 10 సెకన్లు. అదే బుడగని చితక్కొట్టి, మిల్లీమీటరులో పదో వంతు సైజు పిల్ల బుడగలు చేశామనుకోండి. ఒక్కదాన్నుంచి వెయ్యి పుడతాయి. ఒక్కొక్కటి పైకి రావడానికి 1000 సెకన్లు. అంటే పదహారు, పదిహేడు నిమిషాలు.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేశాం. ఆక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ ఊరికే నడిచే ఐడిల్‌లో కూడా చాలా పంపులు నిమిషానికి ఏడెనిమిది లీటర్లు తోస్తాయి. మొత్తం ఆయిల్ చాలా కార్లలో లీటరుకి కాస్త అటూ ఇటూ. అంటే ఉన్న ఆయిల్ అంతా ఏడెనిమిది సెకన్లకి ఒకసారి చుట్టు తిరిగి మళ్ళీ పంపు నోట్లోకి వచ్చేస్తుంది. తేలడానికి పావుగంట కావాల్సిన బుడగకి మనమిచ్చే గడువు ఏడెనిమిది సెకన్లు! అది పైకి రాకముందే పంపు మింగి ఇంకా సన్నగా చిలుకుతుంది. పైగా ఒత్తిడిలో కొంత గాలి ఆయిల్‌లోనే కరిగిపోయి, ఒత్తిడి తగ్గాక మళ్ళీ సన్నటి బుడగలుగా బయటపడుతుంది. ఎర్రటి ఆయిల్ లేత గులాబీ రంగు నురగ అయిపోయి డబ్బా మూతలోంచి పొంగిందంటే జరిగింది ఇదే. చాలామంది "ఇంజిన్ నడిపితే గాలి అదే పోతుందిలే" అంటారు. పోతుంది, కాదనను. గాలి కొంచెమే ఉంటే రెండు రోజులు తిరిగాక పోతుంది. ర్యాక్ ఖాళీ అయిన బండికి ఆ మాట నమ్మి ఇంజిన్ కొడితే మాత్రం పొయ్యేది పంపు.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక బండికి హోస్ మార్చి, ఆయిల్ పోసి, టక్కున ఇంజిన్ కొట్టాను. డబ్బా పొంగి కింద మడుగు కట్టింది. ఇంకా పోశాను, ఇంకా పొంగింది. మా గురువుగారు వచ్చి చూసి ఏమీ తిట్టలేదు. "ఏరా, ఎంతసేపు ఆగావు?" అన్నారు. "ఆగలేదండీ." "మరి అది ఎట్లా పైకొస్తదిరా? దానికేమైనా మెట్లున్నాయా?" అని, ఇంజిన్ ఆపించి, తాళం చెవి తీసుకుని జేబులో వేసుకుని భోజనానికి వెళ్ళిపోయారు. గంట తర్వాత వచ్చి చూస్తే ఆయిల్ అద్దంలా ఉంది, మట్టం రెండు వేళ్ళు దిగింది. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ ఈ పనికి ఆ సామెత తిరగేసి చదువుకోవాలి.

సరే, పనిలోకి దిగుదాం. ముందు ఏ ఆయిల్? డబ్బా మూత మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. కొన్ని బండ్లు డెక్స్‌రాన్ రకం ఆయిల్ అడుగుతాయి, అదే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్రటిది. కొన్ని ఆకుపచ్చ సింథటిక్ అడుగుతాయి. కొన్ని కంపెనీలు తమదే పోయాలంటాయి. రంగు చూసి నిర్ణయించకండి, రంగు కలిపేది గుర్తుకోసం. రెండు రకాలు కలపకండి కూడా. వాటిలో నురగ పట్టకుండా వేసే మందులు వేరు, సీళ్ళకి పడే తీరు వేరు. పోయబోయే సీసాని ముందు రోజు నుంచి కదపకుండా పెట్టుకుంటే మంచిది. "షేక్ చేసి పోశానండీ" అన్నాడు ఒకాయన, శుభ్రంగా కలవాలని. (నవ్వులు.) సీసాలోనే గాలి కలిపి పోశాడు.

ముందు చక్రాలు రెండూ నేలని వదలాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డం పెట్టి, జాకీతో లేపి స్టాండ్ల మీద దించండి. జాకీని నమ్మి కింద దూరకండి. ఎందుకు లేపాలి? ఇంజిన్ లేకుండా స్టీరింగ్ తిప్పాలి కదా. టైర్లు నేల మీద ఉంటే ఆ బరువుకి మనం గుంజుతూ, జర్కులతో తిప్పుతాం. గాల్లో ఉంటే ఒక చేత్తో సాఫీగా తిరుగుతుంది. ఆ సాఫీతనం కావాలి మనకి.

తాళం చెవి ఒక మెట్టు తిప్పండి, స్టీరింగ్ లాక్ విడిపోవడానికి. అంతకుమించి వద్దు. డబ్బాలో ఆయిల్‌ని గోడ వెంట సన్నగా జారనిస్తూ కోల్డ్ గీత దాకా పోయండి. గీతలు రెండుంటాయి, చల్లగా ఉన్నప్పటిది ఒకటి, వేడెక్కాక చూసుకునే హాట్ గీత ఒకటి. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లటి బండిలో హాట్ గీత దాకా పోస్తే రేపు అది పొంగుతుంది. పోసి, రెండు మూడు నిమిషాలు అలా వదిలేయండి. పంపులోకి ఆయిల్ దానంతట అది దిగాలి. మట్టం దిగితే మళ్ళీ పోయండి.

ఇప్పుడు తిప్పడం. ఎడమ చివర నుంచి కుడి చివరికి, ఒక్కో వైపుకి ఐదారు సెకన్లు తీసుకుంటూ. చివర్లో ఠప్పున కొట్టకండి, తాకిందీ అనగానే వెనక్కి రండి. ఇంజిన్ లేకుండా ఇలా తిప్పితే లోపల ఏం జరుగుతుందో ఊహించుకోండి, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. ర్యాక్ సిలిండర్ మధ్యలో పిస్టన్ ఉంది, అటొక గది, ఇటొక గది. మనం చక్రం తిప్పినప్పుడు వాల్వులోని సన్నటి కడ్డీ కొద్దిగా మెలితిరిగి, ఏ గది కుంచించుకుంటుందో దాన్ని రిటర్న్ పైపుకీ, ఏ గది పెరుగుతుందో దాన్ని పంపు వైపుకీ కలుపుతుంది. అంటే ఒక గది తనలోని గాలీ ఆయిలూ డబ్బాలోకి తోస్తుంటే, రెండో గది పంపు వైపు నుంచి కొత్త ఆయిల్‌ని లాక్కుంటుంది. మన చేయే పంపు. నిదానమైన పంపు. బుడగల్ని చితక్కొట్టని పంపు. అవి ఉన్న సైజులోనే, పెద్దపెద్దగా, డబ్బాలోకి వచ్చి బుడుక్కుమంటాయి.

ఇద్దరుంటే సుఖం. ఒకరు లోపల తిప్పడానికి, ఒకరు డబ్బా దగ్గర సీసా పట్టుకుని. నాలుగైదు తిప్పులకి ఒకసారి ఆగి మట్టం చూడండి. దిగుతుంటే సంతోషించండి, గాలి ఖాళీ చేసిన చోటికి ఆయిల్ వెళ్తోందని అర్థం. డబ్బా అడుగు మాత్రం ఎప్పుడూ కనపడకూడదు. కనపడిందా, పంపు మళ్ళీ గాలి పీల్చింది, చేసిందంతా మొదటికొచ్చింది. ఇలా ఇరవై తిప్పులు. పొడవాటి పైపులు, ఆయిల్ కూలర్ ఉన్న బండికి నలభై దాకా. లెక్క కోసం తిప్పకండి, బుడగలు ఆగాయా, మట్టం నిలిచిందా అన్నది చూడండి. నిలిచాక ఒక పది నిమిషాలు కూర్చోండి.

ఆ తర్వాతే ఇంజిన్. అదీ ఒకేసారి వద్దు. స్టార్ట్ చేసి రెండు మూడు సెకన్లలో ఆపేయండి, డబ్బా చూడండి. చాలాసార్లు ఒక్కసారిగా దిగుతుంది. పోయండి. మళ్ళీ స్టార్ట్ చేసి, ఆక్సిలరేటర్ ముట్టుకోకుండా ఐడిల్‌లో ఉంచి, చక్రం నిదానంగా అటూ ఇటూ. ఇక్కడ చివర్లో పట్టి ఉంచారో, ఒత్తిడి హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఒత్తిడి అంతా వేడిగా మారుతుంది. 100 బార్ దగ్గర నిమిషానికి 8 లీటర్లంటే ఒక కిలోవాటుకి పైమాటే. ఇస్త్రీ పెట్టెని లీటరు ఆయిల్‌లో ముంచి ఆన్ చేసినట్టు. సెకనుకి ముప్పావు డిగ్రీ పైనే ఎక్కుతుంది, అర నిమిషం పట్టి ఉంచితే పాతిక డిగ్రీలు. మాన్యువల్స్ ఐదు సెకన్లు దాటవద్దంటాయి. నేను ఆ ఐదూ ఇవ్వను, తాకించి వచ్చేస్తాను. నురగ కనపడితే ఇంజిన్ ఆపండి. ఆపి, పావుగంట. లెక్క ఇందాక వేశాం కదా.

గాలి పూర్తిగా పోయిందో లేదో తేల్చడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా డబ్బాలో మట్టం గుర్తు పెట్టుకోండి. ఇంజిన్ ఆపి మళ్ళీ చూడండి. ఒత్తిడిలో నలిగి ఉన్న బుడగలు ఇంజిన్ ఆగగానే ఉబ్బి ఆయిల్‌ని పైకి నెడతాయి. మట్టం 5 మిల్లీమీటర్లకి మించి లేచిందంటే లోపల ఇంకా గాలి ఉంది. ఇది నేను కనిపెట్టింది కాదు, చాలా సర్వీసు మాన్యువల్స్‌లో ఉన్న కొలతే. ఎవరూ ఆ పేజీ దాకా చదవరు.

కొన్ని బండ్లు ఎంత తిప్పినా లొంగవు. వాటికి వాక్యూమ్. డబ్బా నోటికి సరిపడే బిరడా బిగించి, చేతి పంపుతో 68 కిలోపాస్కల్స్ దాకా గాలి లాగి, ఐదు నిమిషాలు ఉంచుతారు. పైన ఒత్తిడి మూడో వంతుకి పడిపోతుంది కాబట్టి లోపలి బుడగ పరిమాణం మూడు రెట్లవుతుంది, తేలే వేగం రెండింతలు అవుతుంది. ఇక్కడా అదే సూత్రం, బుడగని పెద్దది చేయడం. వాక్యూమ్ దానంతట అది పడిపోతుంటే ఎక్కడో లీకుంది.

ఆ లీకు గురించే కాస్త ఎక్కువసేపు చెప్పాలి. మూడుసార్లు గాలి తీసినా వారానికి మళ్ళీ మూలుగు మొదలయ్యే బండ్లు ఉంటాయి. నా దగ్గరికి ఒకటి నాలుగోసారి వచ్చింది. కింద ఒక్క చుక్క లేదు. ప్రెషర్ హోస్ పొడిగా ఉంది, ర్యాక్ పొడిగా ఉంది. చుక్క లేదు కాబట్టి లీకు లేదు అనుకున్నాను, అదే నా తప్పు. డబ్బా నుంచి పంపుకి వెళ్ళే లావుపాటి రబ్బరు పైపు ఉంటుంది చూడండి, అందులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. అక్కడ క్లిప్పు వదులైతే ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి వెళ్తుంది. చుక్క రాల్చని లీకు! పంపు నోటి దగ్గర ఓ-రింగు, అంటే ఉంగరంలాంటి రబ్బరు సీలు, గట్టిపడినా అంతే. డబ్బా అడుగున ఉండే జల్లెడ మురికితో మూసుకుపోయినా అంతే: పంపు గట్టిగా లాగుతుంది, ఆయిల్‌లో కరిగి ఉన్న గాలి బుడగలై బయటపడుతుంది. దొరకబుచ్చుకోవడం తేలికే. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా అనుమానం ఉన్న జాయింటు చుట్టూ అదే ఆయిల్ రాయండి. చప్పుడు ఒక్క క్షణం మారిందా, దొంగ దొరికాడు. ఆ బండిలో ఒక ముసలి క్లిప్పు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. అప్పటి నుంచి పైపు విప్పిన ప్రతిసారీ ఓ-రింగు కొత్తది వేస్తున్నాను, పాతది ఎంత బాగున్నా సరే.

చప్పుళ్ళలో తేడా కూడా చెప్పేస్తాను, గబగబా. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే మూలుగు గాలిది. పార్కింగ్‌లో చక్రం చివరిదాకా తిప్పినప్పుడు వచ్చే కీచుమన్న అరుపు బెల్టుది, జారుతోంది. చివర్లో సన్నగా స్స్ మనేది రిలీఫ్ వాల్వు, అది దాని ఉద్యోగం, దాన్ని వదిలేయండి.

ఇక మీరు అడగండి.

ప్రేక్షకుల్లో ఒకరు: సార్, దారిలో ఆయిల్ అయిపోయి, దొరక్క, ఎవరో బ్రేక్ ఆయిల్ పోయమన్నారు. పోయొచ్చా?

వక్త: వద్దండీ. మీరు పోయలేదు కదా? పోయలేదు, మంచిది. బ్రేక్ ఆయిల్ చాలావరకు గ్లైకాల్ జాతి. స్టీరింగ్‌లో సీళ్ళు పెట్రోలియం ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు, బ్రేకుల్లోవి గ్లైకాల్‌కి తట్టుకునే రబ్బరు. అటుది ఇటు పోసినా, ఇటుది అటు పోసినా సీళ్ళు ఉబ్బి మెత్తబడతాయి. ఒక పూట బెల్టు తీసేసి, బరువుగానైనా చేతులతో తిప్పుకుంటూ మెల్లగా ఇంటికి రావడం నయం. అయితే ఒక జాగ్రత్త. చాలా బండ్లలో అదే బెల్టు నీళ్ళ పంపుని, ఆల్టర్నేటర్‌ని కూడా తిప్పుతుంది. అలాంటిదైతే బెల్టు ముట్టుకోకండి, బండిని లాగించుకు రండి.

మరొకరు: పాత ఆయిల్ మొత్తం మార్చాలంటే ఏ పైపు విప్పాలండీ?

వక్త: రిటర్న్ పైపు. డబ్బా దగ్గర దాన్ని తీసి ఒక సీసాలోకి వంచండి, డబ్బా వైపు నోటికి రబ్బరు మూత బిగించండి. ఇంజిన్ ఆపే ఉంచి, చక్రం నిదానంగా తిప్పుతూ, డబ్బాలో కొత్తది పోస్తూ ఉండండి. సీసాలోకి వచ్చేది తేటగా మారేదాకా. ఇంజిన్ నడిపి చేసేవాళ్ళున్నారు, త్వరగా అవుతుంది, కానీ నిమిషానికి ఏడెనిమిది లీటర్లన్న మాట గుర్తుందా? డబ్బా ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో లెక్కేసుకోండి. మీ చేయి అంత వేగంగా పోయలేదు. తీసిన ఆయిల్ కాలవలో పోయకండి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

ఒక మహిళ: ప్రెషర్ హోస్ దగ్గర సన్నగా చెమ్మ కనపడుతోంది సార్. ఎక్కడి నుంచో తెలియడం లేదు. చేత్తో తడిమి చూశాను.

వక్త: ఇంజిన్ నడుస్తుండగానా అమ్మా? నడుస్తుండగా ఇంకెప్పుడూ అలా చేయకండి. సూదిమొన అంత చిల్లులోంచి ఆ ఒత్తిడిలో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా ముందు పెద్దగా ఉండదు. లోపల కండ పాడవుతుంది. అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, ఒత్తిడిలో ఆయిల్ గుచ్చుకుందని స్పష్టంగా చెప్పాలి. వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి, అట్ట మీద తడి పడుతుంది. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. ఇంకోటి, ఆ చెమ్మ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటుంది, కాబట్టి దాన్ని వాయిదా వేయకండి.

ఒక కుర్రాడు: మా బండికి డబ్బానే కనపడలేదు సార్.

వక్త: (నవ్వుతూ) అయితే నీకు ఈ ప్రసంగం అక్కర్లేదు నాయనా, పాపం గంట కూర్చున్నావు. నీది ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయి ఉంటుంది. మోటారు సాయం చేస్తుంది, ఆయిల్ లేదు, గాలి లేదు. 1988లో సుజుకి సెర్వోతో మొదలైంది, ఇప్పుడు కొత్త కార్లలో ఎక్కువ అదే. మధ్యరకం ఒకటుంది, ఆయిల్ ఉంటుంది కానీ పంపుని బెల్టు బదులు ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది. డబ్బా ఏ మూలో దాక్కుంటుంది. దానికి గాలి తీసే పద్ధతి ఆ బండి పుస్తకంలో ఎలా ఉంటే అలానే, నేను చెప్పినట్టు కాదు.

మొదట అడిగిన వ్యక్తి: అంతా అయ్యాక మళ్ళీ ఎప్పుడు చూడాలండీ?

వక్త: మర్నాడు పొద్దున, స్టార్ట్ చేయకముందు. బండి చదునుగా, చక్రాలు నేరుగా. రాత్రంతా నిలబడ్డ ఆయిల్‌లోంచి మిగిలిన గాలి పోయి ఉంటుంది, మట్టం ఒక గీత దిగి ఉండొచ్చు. కోల్డ్ గీత దాకా పోసి మూత బిగించండి. మూత చుట్టూ దుమ్ముంటే తీయకముందే గుడ్డతో తుడవండి, ఇసుక రేణువు ఒక్కటి పడినా అది నేరుగా పంపులోకే.

ఇంకేమైనా ఉంటే కింద మాట్లాడుకుందాం. ఆవరణలో బండి స్టాండ్ల మీద ఉంది, నిన్ననే ర్యాక్ మార్చారు, ఆయిల్ ఇంకా పోయలేదు. ఇద్దరు ముందుకు రండి, ఒకరు తిప్పడానికి, ఒకరు పోయడానికి. తాళం చెవి ఎవరి దగ్గరుంది? నాకివ్వండి.